బయట నిలబడ్డ మనిషి

నాకు నలభై ఆరేండ్లు. బొల్లారంల మందుల కంపెనీల ఆపరేటర్‌ను. ఈ వయసుల పాచికలాట ఏందిరా అని నరేష్‌ను తిట్టిన. వాడు మా షిఫ్టోడే, చెప్తే ఇంటడా? ఆదివారం పొద్దుగాల్నే బండెక్కించుకొని ఇంద్రేశంల చంద్రిక మేడం కిరాయింటికి తీస్కపోయిండు. ఆమె మా కంపెనీ ల్యాబుల పనిచేస్తది.

ఆట తమాషాగున్నది. మేడం కత చెప్తది, మనం అండ్ల మనుషులమైతం. ఏం చేస్తవో నోటితోనే చెప్పాలె. అయితదో కాదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తది, పెద్ద అంకె పడితే అయినట్టు. నేను కొమురయ్య అనే బంటునైన. గొడ్డలి పట్టుకొని దయ్యాన్ని బెదిరిస్తుంటే నాకే నవ్వాగలే. పోసిన చాయ్ పోసినట్టే చల్లారింది.

అంతల ఒక గుహ వచ్చింది. లోపల బంగారమట. "నేను దుంకుతున్న!" అన్నడు నరేష్.

"ఆగు!" అని లేసి నిలబడ్డ. "లోపల గాలి సూసినవా? బయట మనిషిని పెట్టినవా?"

అందరు పగలబడి నవ్విండ్రు. "లింగన్నా, ఇది కంపెనీల ట్యాంకు కాదే!"

మేడం మాత్రం పాచిక నా చేతిల పెట్టింది. పద్దెనిమిది పడ్డది. "కొమురయ్య తాడుకు దీపం కట్టి దింపిండు, ఆరిపోయింది. లోపల విషపు గాలి. నరేష్ బతికిండు," అన్నది.

నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. మూడేండ్ల కింద నా కంపెనీ దోస్తు మహేంద్ర ట్యాంకు కడగనీకి దిగిండు. బయట కావలి నిలబడ్డది నేనే. గాలి సూడలేదని నాకెరుకే. సూపర్‌వైజర్ "జల్దీ జల్దీ" అంటుంటే నోరు మూసుకున్న. పానమైతే దక్కింది గని, ఊపిరితిత్తులు ఖరాబైనయ్. అప్పటికెల్లి గుమ్మడిదలల ఇంట్లనే ఉంటుండు. నేను ఒక్కపారి గూడ పోలే. ఏం మొకం పెట్టుకొని పోవాలె?

మల్ల ఆదివారం మహేంద్ర ఇంటికి పోయిన. గడపల నిలబడే చెప్పేసిన: "ఆనాడు గాలి సూడలేదని నాకెరుకరా."

"నీకెరుకని నాకూ ఎరుకే." శానసేపు దగ్గిండు. "మూడేండ్లు నా మొకం సూడకపోతివి. గదేరా నా కోపం."

ఇద్దరం ఏడ్సినం. బండెన్క ఎక్కించుకొని ఆటకు తీస్కపోయిన.

ఆరోజు కతల పాడుబడ్డ బాయి వచ్చింది. మహేంద్ర వేషమే దిగాలె. పాచిక పిడికిట్ల పట్టుకొని నా దిక్కు సూసిండు.

"లింగం, గాలి సూసినవా?"

"దీపం దింపిన, ఆరలే. నువ్వు పైకొచ్చేదాక ఈడికెల్లి కదల."

ఎవ్వరు నవ్వలే. మహేంద్ర పాచిక ఏసిండు.