పక్కన ఎవరున్నారు

అమెరికాలో ఉద్యోగం పోయిన రోజు నుంచి అరవై రోజులు గడువు ఇస్తారు. ఆలోపు ఇంకో కంపెనీ నా వీసా కాగితాలు వేయకపోతే దేశం వదలాలి. నాకు ఎక్కడైనా ఒకటే. నా కూతురు దేదీప్యకు అలా కాదు. నాలుగేళ్ళప్పుడు ఫ్రీమాంట్ వచ్చింది. ఇప్పుడు పదకొండో తరగతి. చదువు మధ్యలో తెంపి తీసుకుపోతే నన్ను జన్మలో క్షమించదు. నా కూతురు కదా, క్షమించడం దానికీ రాదు.

పంతొమ్మిదో రోజున శాంటా క్లారాలోని ఒక కంపెనీ వాళ్ళు వీడియోలో ఇంటర్వ్యూ పెట్టారు. అడిగినవాడు తెలుగువాడు, పేరు ఫణి. ముప్పై ఐదేళ్ళుంటాయి. ముందు నా గురించి చెప్పమన్నాడు. నా పేరు వీరాంజనేయులు. హనుమంతుణ్ణి తలచుకుంటే మాటనేర్పు వస్తుందంటారు. ఆయన పేరు పెట్టుకున్న నాకు ఆ పేరే పలకదు. నాకు నత్తి. 'వీ' దగ్గర గొంతు మూసుకుపోతుంది. అప్పుడు నా కళ్ళు వాటంతటవే కుడివైపుకు తిరుగుతాయి. ఎదుటివాడి మొహం చూడలేక చిన్నప్పుడు పడ్డ అలవాటు.

ఏ డేటాబేస్ మీద పనిచేశారని అడిగాడు. దాని పేరు 'ప'తో మొదలవుతుంది. నాకు 'ప' కూడా కష్టం. అందుకని పేరు ఎత్తకుండా అది ఏం చేస్తుందో, ఎలా చేస్తుందో చుట్టుతిప్పి చెప్పాను. పదమూడేళ్ళు దాని మీదే బతికినవాణ్ణి. దాని పేరు మాత్రం చెప్పలేకపోయాను.

పావుగంటకు ఫణి ఇంగ్లీషు ఆపి తెలుగులోకి దిగాడు.

"ఏమండీ, పక్కన ఎవరున్నారు?"

ఎవరూ లేరన్నాను.

"మనవాళ్ళ సంగతి నాకు తెలియదా సార్. ప్రశ్న అడగ్గానే ఆగుతున్నారు. పక్కకు చూస్తున్నారు. తర్వాత గడగడా చెప్పేస్తున్నారు. కెమెరా ఒకసారి చుట్టూ తిప్పండి."

తిప్పాను. బట్టల బీరువా, బియ్యం బస్తా, గోడ మీద దండ వేసిన నా భార్య గిరిజ ఫోటో. ఫోటో అతను చూశాడు. సారీ అనలేదు. టైమ్ అయిపోయిందని పెట్టేశాడు.

ఇంటర్వ్యూలో ఒకడు పెదవులు ఆడిస్తుంటే పక్కన ఇంకొకడు జవాబులు చెప్పడం మనవాళ్ళలో ఉంది. ఇప్పుడు మనిషి కూడా అక్కర్లేదు, కంప్యూటరే జవాబు రాసి తెర మీద పెడుతుంది. ఆ దొంగతనం మనవాడికి తెలుసు కాబట్టి మనవాడికే అనుమానం వచ్చింది. అమెరికావాడైతే నాకు పని రాదనుకుని వదిలేసేవాడు. ఫణి నన్ను దొంగనుకున్నాడు.

దొంగ అనిపించుకోవడం నాకు కొత్త కాదు. మా ఊరి బడిలో హనుమయ్య మాస్టారు పాఠం అందరిచేతా కలిపి చదివించేవాడు. నలుగురితో కలిసి చదివితే నాకు నత్తి రాదు. ఒక్కణ్ణే లేచి చదవమంటే మొదటి మాట దగ్గరే నిలబడిపోయేవాణ్ణి. అందరితో వచ్చేది ఒక్కడికి ఎందుకు రాదురా, దొంగవేషాలు అని బెత్తం తీసేవాడు. మీ అమ్మ నీకు వస పోయలేదా అని పిల్లలు నవ్వేవాళ్ళు. మా అమ్మ పోసింది. వసకొమ్ము అరగదీసి ఏడాది పాటు నా నాలుక్కి రాసింది. మాస్టారు పోయి పదేళ్ళయిందట. పోతే పోయాడు.

పెళ్ళయ్యాక గిరిజ నా నోరైంది. బ్యాంకుకు ఫోన్ ఆమె చేసేది. ఇంటి ఓనరుతో ఆమె మాట్లాడేది. హోటల్లో నాకేం కావాలో ఆమె చెప్పేది. నేను మాట మధ్యలో ఆగితే మిగతా సగం అందించేది. ఇరవై ఏళ్ళలో ఆమె ముందు నేను చివరిదాకా చెప్పిన మాటలు తక్కువ. ఆఖరికి తన జబ్బు గురించి డాక్టరును అడగాల్సినవి కూడా తనే అడిగింది, ఇంకా ఎన్నాళ్ళు ఉంటానని. నేను పక్క కుర్చీలో కూర్చున్నాను. ఆమె పోయి రెండేళ్ళయింది. ప్రేమతో చేసిందంటారు అందరూ. నాకు అంత దయ లేదు. నన్ను మూగవాణ్ణి చేసి తను పోయింది.

ఫణి అన్నదంతా దేదీప్య తలుపు బయట విన్నది. మూడో రోజు ఒక కాగితం తెచ్చి నా కంచం పక్కన పెట్టింది. పెద్దవాళ్ళ నత్తికి ఈ చుట్టుపక్కల ఎక్కడ ఏ సాయం దొరుకుతుందో వెతికి రాసుకొచ్చింది.

"నేను ఓన్లీ చిన్నపిల్లలకే ఉంటుంది అనుకున్నా నాన్నా. పెద్దవాళ్ళకి కూడా ఉంది. చాలా ఉంది."

కాగితంలో మొదటి పేరు సొంతంగా క్లినిక్ నడిపే స్పీచ్ థెరపిస్టుది. ఇన్సూరెన్స్ వాళ్ళను దేదీప్య అప్పటికే అడిగింది. దెబ్బ తగిలో పక్షవాతం వచ్చో మాట పోతే ఇస్తారట, చిన్నప్పటి నుంచి ఉన్నదానికి ఇవ్వరట. పైగా నా ఇన్సూరెన్స్ ఆ నెలాఖరుకే ఆఖరు. దాని కింద ఒక యూనివర్సిటీ క్లినిక్. అక్కడ విద్యార్థులు నేర్చుకుంటూ థెరపీ చేస్తారు, వెనక టీచర్ ఉంటుంది, ఖర్చు తక్కువ. ఎందుకు తక్కువో అడిగాను. క్లాసులో చూసుకోవడానికి వీడియో తీస్తారని చెప్పింది. ఆ వీడియో తర్వాత ఎక్కడికి పోతుందో ఎవరికి తెలుసు. నా మాటలోపం ఎక్కడో రికార్డులో ఉంటే రేపు వీసా వాళ్ళు చూడరని ఎవరు చెప్పగలరు. సంతకం పెడితేనే తీస్తారు నాన్నా అంది. సంతకాల సంగతి నాకు తెలుసు. ఎలాగూ మూడు నెలల వరకు ఖాళీ లేదన్నారు. మూడు నెలలకు నేను ఏ దేశంలో ఉంటానో.

చివర ఉన్నది ఒక గుంపు. నత్తి ఉన్న పెద్దవాళ్ళు రెండు వారాలకోసారి శనివారం పొద్దున లైబ్రరీలో కూర్చుని మాట్లాడుకుంటారు. డబ్బు తీసుకోరు. డాక్టరు ఉండడు. దేదీప్య నన్ను అడక్కుండానే వాళ్ళకు నా నంబర్ ఇచ్చింది. తిట్టాను. తిట్టడానికి కూడా నాకు సమయం పడుతుంది. అది కూర్చుని విన్నది.

మర్నాడు నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. పంపినవాడి పేరు రఘువీర్. మీ గురించి విన్నాను సార్, శనివారం చిన్న మీటింగ్ ఉంది, కాఫీ మాది, ఒకసారి వచ్చి చూడండి, ఆబ్లిగేషన్ ఏమీ లేదు, మీ లైఫ్ మారుతుంది అని రాశాడు.

ఈ దేశంలో ముక్కూ మొహం తెలియని తెలుగువాడు ఇలా పిలిచాడంటే వాడు గొలుసు వ్యాపారం వాడు. ఇండియన్ స్టోర్‌లో కందిపప్పు దగ్గర నవ్వుతూ పలకరిస్తాడు. మనది ఏ ఊరండీ అంటాడు. వారం తిరక్కుండా భోజనానికి పిలుస్తాడు. చేతులు కడుక్కున్నాక తెల్లబోర్డు బయటికొస్తుంది. పైన మీరు, కింద ఇద్దరు, వాళ్ళ కింద నలుగురు అని గీస్తాడు. గిరిజా నేనూ ఒకసారి అలా ఇరుక్కుని మూడు డబ్బాల విటమిన్ బిళ్ళలు కొని బయటపడ్డాం. ఇప్పుడు నత్తివాళ్ళను కూడా వదలడం లేదన్నమాట.

వెళ్ళనన్నాను. అయితే టికెట్లు బుక్ చేసేయి, ఇండియా వెళ్ళిపోదాం అని దేదీప్య లేచి తన గదిలోకి నడిచింది. అందుకని దాన్ని తీసుకుని వెళ్ళాను. వాడి మోసం దానికి చూపించి నోరు మూయిద్దామని.

లైబ్రరీలో చిన్న గది. గుండ్రంగా వేసిన కుర్చీల్లో ఆరుగురున్నారు. నేను తలుపు దగ్గరి కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా తెల్లబోర్డు ఉంది. దాని మీద పెద్ద త్రికోణం. పైన చిన్న ముక్క, కింద పెద్ద భాగం, మధ్యలో అడ్డగీత. దేదీప్య వైపు చూశాను, చూశావా అన్నట్టు. అది నేల చూపులు చూసింది.

రఘువీర్ లేచాడు. నలభై లోపే ఉంటాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు.

నటిస్తున్నాడనుకున్నాను. నత్తిని నటించేవాణ్ణి నేను పట్టుకోగలను. వాళ్ళు అక్షరాన్ని తిప్పి తిప్పి అంటారు, నాటకంలో హాస్యగాడిలా. అసలు నత్తి చాలాసార్లు చప్పుడు చేయదు. గొంతు బిగుసుకుంటుంది, మెడ కింద నరం లేస్తుంది, ఊపిరి లోపలే ఉండిపోతుంది. అతని మెడ చూశాను. నరం లేచింది. దవడ ఒక పక్కకు లాగింది. ఆ నరాన్ని ఎవడూ అబద్ధంగా లేపలేడు. అతను తన పేరు చెప్పేసరికి గదిలో అందరూ కదలకుండా కూర్చున్నారు. ఒక్కరూ అందించలేదు.

అయినా అడిగాను. తెలుగులో, ఆగి ఆగి, మీరు ఏం అమ్ముతారని.

అతను త్రికోణం వైపు, నా వైపు చూశాడు. అర్థమైంది అతనికి.

"అమ్మాలంటే మాట రావాలె గదన్నా. ఇక్కడ ఏడుగురం ఉన్నం. అందరం కలిసినా గంటలో ఒక సబ్బు అమ్మలేం."

అది చెప్పడానికి అతనికి నిమిషం పట్టింది. మిగతావాళ్ళకు ఇంగ్లీషులో చెబితే ఒక ట్రక్కు డ్రైవరు కుర్చీలోంచి జారేంత నవ్వాడు. దేదీప్య కూడా నవ్వింది. నేను నవ్వలేదు.

ఆ త్రికోణం నీళ్ళలో తేలే మంచుకొండట. పైన కనిపించే ముక్క బయటికి వినిపించే నత్తి. గీత కింద ఉన్నది ఎవరికీ కనపడనిది. అక్కడ ఎవరెవరో చేతులతో రాశారు. ఫోన్ ఎత్తకపోవడం. మాట మార్చి చెప్పడం. పక్కకు చూడటం. నా పేరు కాక ఇంకో పేరు చెప్పడం. దేదీప్య ముందే వాళ్ళకు నా గురించి చెప్పిందనుకున్నాను. కాదు, సగం ఆ ట్రక్కు డ్రైవరు రాసినవి.

ఫణి సంగతి చెప్పాను. రఘువీర్ అడ్డం రాకుండా విన్నాడు. నత్తిని దాచబోయే కదన్నా దొంగలా కనపడ్డవు అన్నాడు. మాట ఆగినప్పుడు కెమెరాలోకే చూడమన్నాడు. పేరు మార్చకుండా 'ప'తోనే చెప్పమన్నాడు, ఎంతసేపు పట్టినా సరే. మొదలుపెట్టగానే నాకు నత్తి ఉందని చెప్పేయమన్నాడు.

"చెబితే ఉద్యోగం ఇవ్వరు," అన్నాను.

"చెప్పకుంటే ఇచ్చిన్రా?"

ఆ వారం నాలుగు సాయంత్రాలు అతను వీడియోలో ఇంటర్వ్యూ చేసేవాడిలా కూర్చున్నాడు. నేను ఆగినప్పుడు ఒక్కసారి కూడా మాట అందించలేదు. మొదట పొగరనుకున్నాను. ఇతను ఇంత ఎందుకు చేస్తున్నాడో నాకు తెలియదు. రోజూ ఆఖర్న ఏదో అడుగుతాడని చూశాను. అడగలేదు. ఇంకా చూస్తూనే ఉన్నాను.

ముప్పై ఆరో రోజున రెడ్‌మండ్ కంపెనీ ఇంటర్వ్యూ, ఇంటి నుంచే చేసే పనికి. అడిగింది ఒక అమెరికన్ ఆవిడ, యాభై ఏళ్ళుంటాయి. నా పేరు చెప్పబోయాను. గొంతు మూసుకుంది. కళ్ళు కుడివైపుకు లాగాయి. లాగనివ్వలేదు. కెమెరాలోకి చూస్తూ అలాగే ఉండిపోయాను. బొమ్మ నిలిచిపోయింది, మీ ఇంటర్నెట్ ఆగినట్టుంది అందావిడ. చెయ్యెత్తి ఉండమన్నాను.

పేరు చెప్పాను. తర్వాత మిగతాదీ చెప్పాను. నాకు నత్తి ఉంది. నేను ఆగితే మాట కోసం ఆగినట్టు, జవాబు కోసం కాదు. పక్కన ఎవరూ లేరు, కావాలంటే గది చూపిస్తాను. ఇదంతా చెప్పడానికి ఒకటిన్నర నిమిషం పట్టింది. ఆవిడ గది అక్కర్లేదు, కానివ్వండి అంది. తల వంచి ఏదో రాసుకుంది. లోపం ఉంది అని రాసుకుందనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. డేటాబేస్ పేరు 'ప'తోనే చెప్పాను. గంట అనుకున్న ఇంటర్వ్యూ గంటా ఇరవై నిమిషాలు నడిచింది. తర్వాత ఇంకో ఇద్దరు మాట్లాడారు. వాళ్ళకూ ముందే చెప్పాను. అందులో ఒకడు తొందరపడి రెండుసార్లు నా మాట తనే పూర్తి చేశాడు, రెండుసార్లూ తప్పు చేశాడు. కాదని మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.

నలభై ఆరో రోజు మధ్యాహ్నం తెలియని నంబర్ నుంచి ఫోన్. దేదీప్య చెయ్యి చాచి నేను మాట్లాడతా, ఆయన డాటర్ని అని చెప్తా అంది. ఇవ్వలేదు. హలో అనబోతే రాలేదు. అవతల ఒక ఆడగొంతు రెండుసార్లు హలో అని పెట్టేసింది. నేనే మళ్ళీ చేశాను. మళ్ళీ గొంతు మూసుకుంది, మళ్ళీ పెట్టేసింది. దేదీప్య గోడకేసి తిరిగి నిలబడింది. మూడోసారి నత్తి అనే మాటతోనే మొదలుపెట్టాను. ఆవిడ ఆగింది.

రెడ్‌మండ్ వాళ్ళు ఉద్యోగం ఇస్తున్నారు. పాతదానికంటే ఒక మెట్టు కింద. వీసా కాగితాలు ఏ తారీఖున వేస్తారో అడిగాను. వచ్చే గురువారం అంది. ఏ గురువారమో తారీఖుతో చెప్పమన్నాను. చెప్పింది. అదంతా రాసి పంపమన్నాను.

సాయంత్రానికి వచ్చింది, నాలుగు పేజీలు. ఎక్కడ మోసం ఉందో అని రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే నా పేరులో ఒక అక్షరం తప్పు రాశారు. పాస్‌పోర్టులో ఉన్నట్టు లేకపోతే కాగితాలు వెనక్కొస్తాయి. మెయిల్ పెట్టేయి నాన్నా అంది దేదీప్య. మెయిల్ ఎవరు ఎప్పుడు చూస్తారో నాకు నమ్మకం లేదు.

ఫోన్ చేశాను.