వాగన్‌కు ఒక్క గెలుపు

నా భార్య మావిస్ పోయినందుకు ఆమె తమ్ముడు గార్లండ్‌ బాధపడ్డాడు. కాదనను. కాని శ్మశానంలో పెట్టె దించుతున్నంతసేపూ వాడి చూపు గేటు బయట నిలబెట్టిన మా బండి మీదే ఉంది.

"దాని వెనక భాగం ఎంత పొడుగో చూశావా బావా," అన్నాడు, నన్ను ఓదార్చడానికి దగ్గరకు వచ్చి.

అది డెబ్బై రెండు నాటి స్టేషన్ వాగన్. తొమ్మిది మంది పట్టే బండి. మేం ఇద్దరమే. పక్కలకు చెక్క రంగు కాగితం అంటించి ఉంటుంది. ఎడమ వైపు కాగితం చాలా వరకు ఊడిపోయింది. దాని వెనక తలుపు తీయాలంటే ఇద్దరు మగవాళ్ళు కావాలి. మావిస్ ఒక్కతే తీసేది. ఆ బండి చర్చి భోజనాలకు గిన్నెలు మోసింది, వరదలప్పుడు పక్కవాళ్ళ మేకలను మోసింది, మోకాలు విరగ్గొట్టుకున్నప్పుడు నన్నూ మోసింది. మేకల విషయంలో చూపిన జాగ్రత్త నా విషయంలో చూపలేదు.

ఏటా తిరునాళ్ళలా జరిగే మా జిల్లా ఫెయిర్‌లో చివరి రోజు ఒక వినోదం ఉంది. పాత కార్లను బురదలోకి వదిలి ఒకదాన్ని ఒకటి గుద్దుకోనిస్తారు. ఆఖరికి ఏ కారు కదులుతుంటే అది గెలిచినట్టు. వెనక్కి నడిపి తోకతో గుద్దుతారు కాబట్టి పొడుగు తోక ఉన్న బరువైన బండి ఆ పనికి బంగారం. గార్లండ్‌ ప్రతి ఏడూ అందులో దిగుతాడు. ఒకసారి థాంక్స్‌గివింగ్ పండుగ భోజనాల దగ్గర అందరి ముందూ మావిస్ వాడితో, "దాని పని అయిపోయాక నువ్వే తీసుకోరా," అనేసింది. నన్ను అడగలేదు. నన్ను అడిగి చేసిన పనులు ఆమెకు పెద్దగా లేవు. ఆమెను అడిగి చేసినవి నాకూ లేవు, అది వేరే సంగతి.

మా వాళ్ళలో చచ్చిపోయిన మనిషి మాటకు బతికున్నప్పటి కంటే విలువ ఎక్కువ. అందుకని తగవంతా ఒక్క దాని మీదే నిలిచింది: ఆ బండి పని అయిపోయిందా, లేదా? శ్మశానం నుంచి వచ్చాక అది షెడ్డులోంచి కదల్లేదు కాబట్టి అయిపోయినట్టేనని గార్లండ్‌. కాలేదని నేను. మరి ఏం పని చేస్తోందని వాడు అడిగింది ఒక ఆదివారం, కార్లు జతలుగా పోటీపడే డ్రాగ్ స్ట్రిప్‌లో, తిండి కొట్టు ముందు, అందరూ పంది మాంసం శాండ్‌విచ్‌ల కోసం వరుస కట్టిన చోట. ఈ ఏడు దాన్ని ఇక్కడి పందెంలో నడుపుతున్నానని అనేశాను.

వరుసంతా నవ్వింది. ఒక ముసలాయనకు ఆవ ముద్ద పూసిన రొట్టె పొలమారింది. గార్లండ్‌ నవ్వలేదు. వాడికి నవ్వు కంటే లాభం ఎక్కువ ఇష్టం.

"ఒక్క రౌండు గెలువు బావా. ఫెయిర్ వచ్చేలోపల ఒక్కటంటే ఒక్కటి. గెలిచాక మళ్ళీ నేను ఆ బండి ఊసెత్తితే నా చెప్పుతో నన్ను కొట్టు. గెలవలేదో, తాళాలు నా చేతిలో పెట్టు."

సరే అన్నాను. వరుసలో మా ముందు ఆర్డిత్ ఉంది. స్ట్రిప్‌లో బండ్లను పరీక్షించి లోపలికి వదిలేది ఆవిడే. మనిషి తలుపంత ఉంటుంది, మాట తలుపు వేసినట్టు ఉంటుంది. "నేను విన్నాను, ఇద్దరిలో ఎవరూ తర్వాత మాట మార్చడానికి లేదు," అంది. అలా ఇరుక్కున్నాను.

మా దగ్గర నడిచే పందెం తెలియని వాళ్ళకు రెండు ముక్కలు. ఇందులో గొప్ప వేగం అక్కర్లేదు. నీ బండి ఆ పావు మైలు ఎన్ని సెకన్లలో పోతుందో నువ్వే ముందుగా చెప్పి, బూటుకు వేసే తెల్ల రంగుతో బండి ముందు అద్దం మీద రాసుకోవాలి. ఇద్దరు రాసిన అంకెలకు ఎంత తేడా ఉంటే అంతసేపు ముందు నెమ్మది బండికి పచ్చ లైటు వేస్తారు. పచ్చ పడకముందే కదిలితే ఎర్ర లైటు, ఓటమి. రాసినదాని కంటే తొందరగా చేరినా ఓటమే. అంటే ఎద్దుబండి కూడా గెలవచ్చు. తాను ఎద్దుబండినని ఒప్పుకుంటే చాలు.

అక్కడే నాకు చిక్కొచ్చింది.

వసంతమంతా షెడ్డులో ఆ బండి కింద పడుకున్నాను. కార్బురేటరు విప్పి కడిగాను. బిగించాక మూడు మరలు మిగిలాయి. అవి అనవసరమైనవని నిర్ణయించుకున్నాను. బ్యాటరీని గట్టి పట్టీతో కట్టాను, లేకపోతే ఆర్డిత్ లోపలికి రానివ్వదు. బయల్దేరేటప్పుడు ఊపు రావాలని వెనక ఇరుసులో పళ్ళ చక్రాలు మార్పించాను. దానితో ఊపు వచ్చింది. కాని ఇంజను కింది గేర్లలో గింజుకుని అరిచేది, సగం దూరం దాటేలోగా చేత్తో పై గేరులోకి వేయాల్సి వచ్చేది. ఇది గుర్తుంచుకోమని మెకానిక్కు రెండుసార్లు చెప్పాడు. నేను చిన్నపిల్లాడినా అని వాడి మీద అరిచాను.

తర్వాత బరువు తగ్గించడం మీద పడ్డాను. వెనక రెండు వరుసల సీట్లు పీకాను. వాటి కింద మావిస్ తల పిన్నులు, పిప్పరమెంటు బిళ్ళలు, నా చేతి తొడుగు ఒకటి దొరికాయి. ఆ తొడుగు నేనే పారేశానని ఏడాది పొడుగునా సాధించింది. చూపించి సాధిద్దామంటే మనిషి లేదు. అదనపు చక్రం తీశాను, కింద పరిచిన మందపాటి గుడ్డ తీశాను, వెనక కిటికీ మోటారు తీశాను. షెడ్డు నిండింది. బండి మాత్రం చూడ్డానికి అంతే లావుగా ఉంది.

మొదటిసారి స్ట్రిప్‌కు తీసుకెళ్ళినప్పుడు ఆర్డిత్ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఏమయ్యా ఎల్డన్, ఇల్లు ఖాళీ చేసి వస్తున్నావా, ఖాళీ చేయడానికి వెళ్తున్నావా?"

అద్దం మీద పదిహేడు అని రాశాను. బండి పందొమ్మిది దాటాక చేరింది. మళ్ళీ వారం పదిహేడే రాశాను. మెకానిక్కు, ఆర్డిత్, చివరికి శాండ్‌విచ్‌లు అమ్మే పిల్ల కూడా చెప్పారు, నిజం రాయమని. రాయబుద్ధి కాలేదు. పందొమ్మిది అంటే కిరాణా సామాను తెచ్చుకునే ముసలమ్మ నడిపినట్టు. అంత పెద్ద అక్షరాలతో, అంతమంది ముందు, నా ముఖానికి ఎదురుగా ఎలా రాసుకుంటాను? జీవితంలో అబద్ధాలాడే వాళ్ళను నేను గుమ్మం ఎక్కనివ్వలేదు. అద్దం మీద మాత్రం ప్రతి ఆదివారం ఒకటి రాసుకుని జనం ముందు ఊరేగాను. రాసి, మొదటి రౌండులోనే ఓడి, ఇంటికొచ్చి డబ్బాలోంచి చిక్కుళ్ళు చల్లగానే తినేవాణ్ణి.

పైగా బరువు తీసేసినందుకు వెనక చక్రాలకు పట్టు పోయింది. ఒకసారి నేలను పట్టేవి, ఒకసారి ఉన్నచోటే గిరగిరా తిరిగేవి. ఏ రెండు పరుగులకూ పొంతన లేదు. ఎండాకాలం మధ్యలో ఒక ఆదివారం ఆర్డిత్ నా అద్దాన్ని వేలితో తట్టింది.

"ఇది నీ కోరికయ్యా. దీంతో నాకేం పని? ఆ పీకినవన్నీ మళ్ళీ పెట్టు. బరువుగా ఉండనీ, నెమ్మదిగా ఉండనీ. ప్రతిసారీ ఒకేలా ఉండాలి, అంతే."

ప్రతిసారీ ఒకేలా ఉండటమే మావిస్ నా మీద చేసిన ఫిర్యాదు. ఆ గుణానికి ఒక చోట గిరాకీ ఉందని అప్పుడే తెలిసింది.

సీట్లు పెట్టాను. చక్రం, గుడ్డ, మోటారు పెట్టాను. అది చాలదని నీళ్ళ కాఠిన్యం పోగొట్టే యంత్రానికి వాడే ఉప్పు బస్తాలు నాలుగు వెనక ఇరుసు మీద వేసి తాళ్ళతో కట్టాను. బండి కొనేనాటి కంటే లావైంది. పరీక్ష పరుగులు తీస్తే మూడుసార్లూ వెంట్రుకవాసి తేడాతో ఒకే టైము. అప్పటికి ఫెయిర్‌కు ముందు ఒకే ఒక్క ఆదివారం మిగిలింది.

ఆ రోజు పొద్దున్నే బూటు రంగు సీసా పట్టుకుని అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను. ఎవరూ చూడకుండా పందొమ్మిదిన్నర అని రాశాను. వీలైనంత చిన్నగా రాశాను. ఆర్డిత్ చూసి, గుడ్డతో తుడిచి, తానే పెద్దగా రాసింది.  తిట్టినా ఇంతకంటే బాగుండేది.

ఆ రోజు అన్ని తరగతుల బండ్లనూ కలిపి నడిపారు. వరుసలో ఎవరి పక్కన నిలబడితే వాళ్ళతోనే పందెం. గార్లండ్‌ తన రెండు తలుపుల నీలం కారును నలుగురిని దాటించి తెచ్చి నా పక్కన పెట్టాడు. ఆ కారు పదకొండు సెకన్లలో పోతుంది. నన్ను వేరే ఎవరో ఓడిస్తే వాడికి రుచించదు. కిటికీ దించి నా అద్దం మీద అంకె చదివాడు. ఈసారి నవ్వాడు.

"నువ్వు బయల్దేరు బావా. నేనో శాండ్‌విచ్ తిని వస్తాను."

"కొవ్వు తీసి తిను. ఇప్పటికే ఎక్కువైంది," అన్నాను.

నా పచ్చ లైటు పడింది. బండి ముక్కు లేచింది, ఉప్పు బస్తాలు మూలిగాయి, వాగన్ కదిలింది. అది బయల్దేరడం ఓడ రేవు వదలడం లాంటిది. చూసేవాడికి ఓపిక కావాలి. గార్లండ్‌కు ఎనిమిది సెకన్లు అక్కడ కూర్చుని నా తోకను చూడాల్సి వచ్చింది. ఇన్నాళ్ళూ వాడు ఆశపడ్డ తోక అది, మెల్లగా దూరమైపోతోంది.

సగం దూరంలో, వెనక చూసే అద్దంలోకి చూశాను. నీలం కారు ముఖం పెద్దదవుతుందని ఎదురుచూశాను. అవలేదు. వాడు గీత దగ్గర నుంచి బయల్దేరాడు గాని నత్తలా వస్తున్నాడు. వాడి కారు ఆగిపోయిందనుకున్నాను. అసలు జరిగింది తర్వాత తెలిసింది. కూర్చోలేక, ఆగలేక, తన పచ్చ లైటు పడకముందే యాక్సిలరేటరు నొక్కేశాడు. వాడి వైపు ఎర్ర లైటు పడింది, ఇక లాభం లేదని కాలు తీసేశాడు. అంటే అప్పటికే నేను గెలిచాను. ఇక నడిచి వెళ్ళినా నాదే రౌండు.

బుద్ధి ఉన్నవాడైతే కాలు తీస్తాడు. అంత వెనకబడ్డవాడి మీద గెలవడానికి పరుగు అక్కర్లేదు. కాని నాకు గార్లండ్‌ అద్దంలో ఇంకా చిన్నగా కనబడాలనిపించింది. మావిస్ మాట ఇచ్చిన నాటి నుంచి అంత సుఖం నేనెరగను. అద్దంలోంచి కళ్ళు తిప్పలేదు. కాలు నేలకు తొక్కి పట్టాను. గేరు మాట మరిచిపోయాను.

ఇంజను అరిచింది. తర్వాత లోపల ఏదో విరిగింది. తర్వాత అది ఇంజను పక్కను చీల్చుకుని బయటికొచ్చి నాకంటే ముందు గీత దాటింది. నేను పొగలో, ఏమిటో తెలియని చప్పుళ్ళ మధ్య, బండి తన బరువుకే దొర్లుతుంటే దాటాను. నా వైపు గెలుపు దీపం వెలిగింది. పొగ వల్ల నాకు కనబడలేదు.

ఆ చివర గడ్డిలో బండి ఆపి పక్కన నిలబడ్డాను. గార్లండ్‌ వచ్చాడు. కారు దిగి, కింద కారుతున్న నూనెను చూశాడు, ఇంజను పక్కన పిడికిలి పట్టేంత కంతను చూశాడు, నన్ను చూశాడు.

"గెలిచావు. బండి నీది. ముక్కలన్నీ ఏరుకో."

ఎలా గెలిచానో అప్పుడే చెప్పాడు. చెప్పడం వాడికి కష్టమే అయింది. వినడం నాకూ కష్టమైంది.

ఇంకొకటి వాడు అనవచ్చు. "ఇప్పుడు దాని పని నిజంగానే అయిపోయింది, అక్క మాట ప్రకారం నాదే," అనవచ్చు. వాడి స్థానంలో నేనుంటే అని ఉండేవాణ్ణి. వాడు అనలేదు. టోపీ తీసి తల గోక్కుంటూ నిలబడ్డాడు. దేనికోసం ఆగాడో నాకు తెలుసు. వాడి కొట్టం వెనక, టార్పాలిన్ కింద, సరిగ్గా ఈ బండికి సరిపడే ఇంజను ఒకటి ఉంది. దీని కోసమే ఎన్నో ఏళ్ళ నుంచి దాచాడు. ఇలాంటిది ఈ జిల్లాలో ఇంకెవరి దగ్గరా లేదు.

గార్లండ్‌ను నేను ఎన్నడూ ఏమీ అడగలేదు. మావిస్ పెట్టె మోయడానికి కూడా పిలవలేదు. వాడే వచ్చి నా ఎదురు కొస పట్టుకున్నాడు.

"ఆ ఇంజను," అన్నాను.

"ఏ ఇంజను?"

"నీ దగ్గరున్నది."

"నా దగ్గర చాలా ఉన్నాయి."

"ఇది నడవాలి గార్లండ్‌. నువ్వు ఇస్తే నడుస్తుంది. ఇవ్వు."

"అడుగుతున్నావా, చెబుతున్నావా?"

దూరంగా ఆర్డిత్ నూనె మీద చల్లే పొడి ఉన్న బకెట్టుతో వస్తోంది. ఆవిడ వచ్చేలోపు ముగించాలనుకున్నాను.

"అడుగుతున్నాను," అన్నాను.

వాడు టోపీ పెట్టుకున్నాడు. తన కారులోంచి బండి లాగే గొలుసు తెచ్చి నా చేతికివ్వకుండా తానే వాగన్ కిందికి దూరాడు. కింది నుంచే, గేరు న్యూట్రల్‌లో పెట్టి బ్రేకు మీద నుంచి కాలు తియ్యమన్నాడు. అది కూడా నాకు తెలియదనుకున్నాడు. ఎక్కి కూర్చున్నాక చూసుకుంటే గేరు ఇంకా కిందిదానిలోనే ఉంది.