వంద గంటల సర్టిఫికెట్

నాకు గెజిటెడ్ హోదా వచ్చిన రోజునే మా ఆవిడ ఛాయాదేవి అంది, "ఇక మన గుమ్మం ముందు చెప్పులు తగ్గవండీ" అని. అన్నట్టే అయింది. చిల్కానగర్‌లో మా వీధి మొత్తానికి ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టే అర్హత నాకొక్కడికే ఉంది. పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే ఒకడు టెన్త్ మెమో నకలు పట్టుకుని వస్తాడు. సాయంత్రం చొక్కా విప్పేలోపు ఇంకొకడు కులం సర్టిఫికెట్‌తో తయారు. అసలు కాగితం చూడనిదే నేను నకలు మీద సంతకం పెట్టను. "అసలుది ఊళ్లో ఉంది సార్, మీరు పెట్టండి" అంటే ఒళ్లు మండుతుంది. ఊరికి వెళ్లి తెచ్చుకో అంటాను. అందుకని వీధిలో నాకు మంచి పేరేమీ లేదు.

ఉప్పల్లో మా ఆఫీసు పని పటాలు తయారుచెయ్యడం. పదహారేళ్లు ఎండలో తిరిగి ఫీల్డ్ బుక్కులు నింపినవాణ్ణి. కంటితో చూసింది చూసిన చోటే నిలబడి రాయాలి, చూడనిది రాయకూడదు. ఆ అలవాటు నా నెత్తికెక్కి కూర్చుంది. కూరలో ఉప్పు సరిపోయిందా అని మా ఆవిడ అడిగినా, ముద్ద నోట్లో పెట్టుకుంటే కానీ జవాబు చెప్పను.

1987 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం సైకిళ్లు అద్దెకిచ్చే హన్మయ్య వచ్చాడు. వెంట కొమురెల్లి. జనగామ వైపు మనిషి. నాచారంలో బోల్టులు చేసే చిన్న ఫ్యాక్టరీలో ఆరేళ్లు పనిచేశాడు. అది మూతపడి ఏడాది దాటింది. అప్పట్నుంచి లారీలు నింపే కూలి దొరికితే వెళ్తాడు, దొరక్కపోతే గుమ్మంలో కూర్చుంటాడు. భార్య సారలమ్మతో మా ఎదురుగా ఉన్న రేకుల గదిలో ఉంటాడు.

"సారు, గా పెద్ద సర్కారు ఫ్యాక్టరీల హెల్పర్ నౌకర్లు పడ్డయంట" అన్నాడు హన్మయ్య. "ఆటగాళ్లకు కోటా గూడ ఉందంట. మా కొమురెల్లి దిగకుండ సైకిల్ తొక్కుతడు. పోయినేడు జాతరల మూడు దినాలు తొక్కిండు, కన్ను మూయలే. గిప్పుడు నూరు గంటలు తొక్కుతడు. మీరు పచ్చ సంతకం పెట్టి రాసిస్తే గది సర్టిఫికెటైతది."

ఆ రోజుల్లో బస్తీల్లో ఈ సైకిల్ తొక్కుడు మామూలే. ఖాళీ జాగాలో నాలుగు కర్రలు పాతి, మైకు కట్టి, ఒకడు గుండ్రంగా రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాడు. తిండీ స్నానమూ అన్నీ సైకిల్ మీదే. నేను ఏనాడూ ఆగి చూసింది లేదు.

"నూరు గంటలు తొక్కాడని నాకెట్లా తెలుస్తుంది?" అన్నాను.

"బస్తీ మొత్తం సూస్తది గద సారు."

"బస్తీ చూస్తే బస్తీనే సంతకం పెట్టమను. నేను చూసిందానికే నేను పెడతాను."

ఈ మాటతో వాళ్లు లేచి వెళ్లిపోతారనుకున్నాను. అంతవరకూ నోరు విప్పని కొమురెల్లి మెల్లగా అన్నాడు, "అయితే మీరే సూడున్రి సారు."

నేను తెల్లబోయాను. అతను నేల చూస్తూ చెప్పాడు, "ఏప్రిల్ల నాకు వయసు దాటిపోతది. ఇగ ఏ సర్కారు నౌకరికీ పనికిరాను. గిదొక్కటే మిగిలింది."

లోపలి గదిలోంచి మా ఆవిడ నవ్వు వినబడింది. ఆ నవ్వుకు రోషం వచ్చి సరేనన్నాను. నాలుగు రోజులు క్యాజువల్ లీవు పెట్టాను. ఎందుకని మా ఆఫీసరు అడిగితే కడుపునొప్పి అని రాశాను. అది మాత్రం నేను చూసి రాసింది కాదు.

ఒక రిజిస్టరు కొని వంద గళ్లు గీశాను. గంటకొక సంతకం. విరామంలో తప్ప కాలు నేలకు తగిలితే పోటీ ముగిసినట్టే. ఎనిమిది గంటలకొకసారి ఐదు నిమిషాల విరామం అతనికీ నాకూ కలిపి ఒకేసారి, ఎందుకంటే నా అవసరాలు నాకూ ఉంటాయి. ఆదివారం పొద్దున ఆరింటికి మా వీధి చివర ఖాళీ జాగాలో హన్మయ్య కొబ్బరికాయ కొట్టాడు. కొమురెల్లి సైకిలెక్కాడు. నేను ఇనుప కుర్చీలో కూర్చున్నాను.

మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజుకు నాకు లోకం మీద అసహ్యం పుట్టింది. మైకులో అవే నాలుగు పాటలు. కుర్చీ పట్టీలు వీపులో దిగబడిపోయాయి. నేనిక్కడ దొరుకుతానని తెలిసి నకళ్ల వాళ్లు కూడా ఇక్కడికే వచ్చి వరుస కట్టారు. వాళ్లను కసురుతూ, ఒక కన్ను సైకిల్ మీద పెట్టి, ఇంకో కంటితో మెమోలు సరిచూశాను. సారలమ్మ అన్నం గిన్నె పట్టుకుని సైకిల్ పక్కన పరుగెడుతూ ముద్దలు అందించేది. మా ఆవిడ నాకు కాఫీ తెచ్చేది. "మీకు కూడా ముద్దలు కలిపి పెట్టనా?" అని నలుగురిలో అడిగింది. అంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

జనం మొదట కొమురెల్లిని చూడ్డానికి వచ్చేవారు. రాను రాను నన్ను చూడ్డానికి రావడం మొదలుపెట్టారు. "గీ సారు గూడ పండుకుంటలేడంట" అని ఒకావిడ తన పిల్లకు వేలు పెట్టి చూపించింది. కళ్లలో ఇసుక పోసినట్టుంది. చన్నీళ్లు కొట్టుకున్నా ఐదు నిమిషాలకే రెప్పలు బరువెక్కేవి. లేచి నిలబడితే పక్కకు తూలేవాణ్ణి. కూర్చుంటే మెడ వాలేది.

మూడో రోజు మధ్యాహ్నం కొమురెల్లి సైకిల్ తొక్కుతూ ఏదో మాట్లాడసాగాడు. "మిషన్ ఆపున్రి, బోల్టు జారింది" అంటున్నాడు. మూతపడ్డ ఫ్యాక్టరీలో ఉన్నాననుకుంటున్నాడు పాపం. సారలమ్మ పక్కనే పరుగెడుతూ, "ఇగ దిగయ్యా, నీకు దండం పెడత" అని ఏడ్చింది. నా పరిస్థితీ అంతంతమాత్రమే. పాతిన కర్ర ఒకటి మనిషిలా పక్కకు జరిగినట్టు కనబడితే కదలొద్దని గదిమాను. అక్కడ ఎవరూ లేరని మా ఆవిడ చెప్పాక గానీ తెలియలేదు.

నిజం చెప్పాలి. ఆ మధ్యాహ్నం వీడు పడిపోతే బాగుండునని నేను కోరుకున్నాను. పడితే నేను ఇంటికి వెళ్లి నిద్రపోవచ్చు. అతను ఒకసారి తూలితే నా ప్రాణం లేచొచ్చింది. అతను హ్యాండిల్ సర్దుకుని నిలదొక్కుకుంటే కోపం వచ్చింది. ఎవరి మీద కోపమో తేల్చుకునే ఓపిక కూడా లేదు.

గురువారం పొద్దున ఆరింటికి తొంభై ఆరో గడిలో సంతకం పెట్టాను. అంతవరకే గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి ముఖం మీద ఎండ పడుతోంది. నా మీద దుప్పటి కప్పి ఉంది. గడియారం తొమ్మిది చూపిస్తోంది. ఉలిక్కిపడి లేచి చూస్తే కొమురెల్లి తిరుగుతూనే ఉన్నాడు. రిజిస్టరులో మూడు గళ్లు ఖాళీ.

"ఎందుకు లేపలేదు?" అని మా ఆవిడ మీద అరిచాను.

"లేపబోయాను. కొమురెల్లే వద్దన్నాడు" అంది ఛాయాదేవి. "సారును పండనీయున్రి అమ్మా, గా గంటలు నేను తర్వాత తొక్కుత అన్నాడు."

హన్మయ్య రిజిస్టరు నా ముందుకు జరిపాడు. "పెట్టున్రి సారు. మేమంత సూసినం. ఒక్కపారి గూడ దిగలే."

నేను పెన్ను తీశాను. పెడదామనే అనుకున్నాను. నాలుగు రోజులుగా నా కళ్లెదుటే తిరుగుతున్న మనిషి ఆ మూడు గంటల్లో మాత్రం ఎక్కడికి పోతాడు? ఇంతలో కొమురెల్లి నా ముందుకు వచ్చాడు.

"వద్దు సారు" అంటూ దాటిపోయాడు.

చుట్టు తిరిగి మళ్లీ వచ్చేసరికి అర నిమిషం పట్టింది. "మీరు సూడలే" అన్నాడు.

ఇంకో చుట్టు. "రేపు ఎవరన్న అడిగితే మీకు మాట వస్తది."

ఇంకో చుట్టు. "మూడు గంటలే గద. తొక్కుత."

పదింటికి, వంద గంటలు నిండాయని హన్మయ్య మనుషులు టపాకాయలు కాల్చారు. పూలదండ పట్టుకుని నిలబడ్డారు. కొమురెల్లి వాళ్ల పక్కనుంచే తిరుగుతూ పోయాడు. నేను లేచి సైకిల్ వెంట నడిచాను. "దిగు కొమురెల్లీ. నేను సంతకం పెడతాను, నా మాట విను" అన్నాను. నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినిపించింది. అతను తల అడ్డంగా ఊపాడు. నా నియమాన్ని నాకంటే గట్టిగా పట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు వందో గడి నిండింది. సైకిల్ ఆపి దించుతుంటే అతని కాళ్లు నిలవలేదు. నలుగురు మోసుకెళ్లి చాప మీద పడుకోబెట్టారు. మరునాడు సాయంత్రం దాకా లేవలేదని సారలమ్మ చెప్పింది. నేను శుక్రవారం సగం ఆఫీసులో బల్ల మీదే నిద్రపోయాను.

ఆదివారం కూర్చుని సర్టిఫికెట్ రాశాను. మూడు చిత్తు ప్రతులు రాసి చింపాను. ఇంగ్లీషులో ఒక్క తప్పు లేకుండా, తేదీలతో, గంటలతో, నా కళ్లెదుట ఇతను వంద గంటలు, విరామాల్లో తప్ప సైకిల్ దిగకుండా, నిద్రపోకుండా తొక్కాడని రాశాను. నేను చూడని మూడు గంటల ఊసు అందులో ఎత్తలేదు. ఆఫీసులో టైపు చేయించి ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టాను. నాకు గర్వంగా కూడా ఉంది. అంత పకడ్బందీ కాగితం నా సర్వీసులో నేను రాయలేదు.

బుధవారం కొమురెల్లి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. "ఇంగ్లీషుల అడిగితే నాకు తెల్వది సారు, జర మీరు రాండ్రి" అన్నాడు. ఇద్దరం బస్సులో ఆ ఫ్యాక్టరీ ఆఫీసుకు వెళ్లాం. ఉద్యోగాలు చూసే ఆఫీసరు మద్రాసు వైపు మనిషి, తెలుగు రాదు. మమ్మల్ని కూర్చోమన్నాడు. కొమురెల్లి కూర్చోలేదు. నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

ఆఫీసరు సర్టిఫికెట్ మొదట్నుంచి చివరిదాకా చదివాడు. చాలా జాగ్రత్తగా రాశారని మెచ్చుకున్నాడు. తర్వాత సొరుగులోంచి అచ్చువేసిన ప్రకటన తీసి రెండో పేజీ తిప్పి నా ముందు పెట్టాడు. కోటా కిందికి వచ్చే ఆటల జాబితా అది. కబడ్డీ, ఫుట్‌బాల్, పరుగు, కుస్తీ, ఇంకో ఏడెనిమిది. సైకిల్ పందెం కూడా ఉంది. కానీ రాష్ట్ర స్థాయి పోటీలో ఆడి ఉండాలి, ఆ సంఘం వాళ్లే సర్టిఫికెట్ ఇవ్వాలి. ఖాళీ జాగాలో గుండ్రంగా తిరగడం ఏ ఆట కిందికీ రాదన్నాడు. మర్యాదగానే అన్నాడు.

"ఈ ప్రకటన మీరు ముందే చూడలేదా?" అని అడిగాడు.

చూడలేదు. టెన్త్ మెమో నకలుకు అసలు కాగితం తెమ్మని ఊరికి తరిమేవాణ్ణి, ఆ ప్రకటన అసలు ఎక్కడుందని హన్మయ్యను ఒక్క మాట అడగలేదు. హన్మయ్యకూ కొమురెల్లికీ ఇంగ్లీషు రాదు, అడగాలని వాళ్లకు తోచదు. నాకు తోచి ఉండాలి. ఆ పేజీ చదవడానికి రెండు నిమిషాలు పట్టేది. ఆ రెండు నిమిషాలు మిగిల్చుకుని నాలుగు రోజులు కుర్చీలో కళ్లు చించుకుని కూర్చున్నాను.

"ఏమంటుండు సారు?" అన్నాడు కొమురెల్లి వెనకనుంచి.

నేను తిరిగి అతని ముఖం చూశాను. కళ్ల కింద నలుపు ఇంకా పోలేదు.

"రాదట కొమురెల్లీ" అన్నాను.

అతను బల్ల మీది సర్టిఫికెట్ వైపు చూశాడు. "ఎన్ని గంటలు తక్కువ పడ్డయి సారు?"

"గంటల సంగతి కాదు..." అని మొదలుపెట్టాను.

కొమురెల్లి వంగి బల్ల మీదున్న సర్టిఫికెట్ తీసుకున్నాడు. "మీరు పండుకున్నప్పుడు మూడు గంటలు తొక్కిన గద" అన్నాడు గొంతు తగ్గించి. "మీరు సూడకున్న గాని తొక్కింది నిజమే. గవి గూడ కలిపి రాయున్రి సారు."

కాగితం నలగకుండా రెండు చేతులతో నా ముందు పట్టుకుని, నేను పెన్ను తీస్తానేమోనని చూస్తూ నిలబడ్డాడు.