రెండు దీపాల బోర్డు

ఆరో బోర్డు కూడా మొరాయించింది. బాబాయ్ ఎడమ బొత్తాం నొక్కాడు. ఎడమ దీపం వెలిగి కుడిది ఆరాలి. రెండూ గుడ్డిగా మిణుకుమన్నాయి. కుడి బొత్తాం నొక్కినా అదే తంతు. ఫ్లిప్-ఫ్లాప్ అన్నాక ఒక ట్రాన్సిస్టర్ మేలుకుంటే రెండోది పడుకోవాలి, వంతులు వేసుకున్న తోటికోడళ్లలా. ఇక్కడేమో ఇద్దరూ ఆవలిస్తూ కూర్చున్నారు! పన్నెండింటికి కాలేజీవాళ్లు వచ్చి పది బోర్డులూ పట్టుకెళ్లాలి. అప్పుడే పదిన్నరయింది.

ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే బల్ల, అదే ఎత్తుపీట. వేళ్ల కొసల నిండా కాలిన మచ్చలు. తనకంటే రెండేళ్లు పెద్దవాడైన యజమాని కూడా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాడు. నిజంగా ఆ వరస కలిసేది సామాను గది చూసుకునే ఆయన అన్న కూతురికి ఒక్కదానికే.

యజమాని వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. "ఏంటి బాబాయ్, నా పరువు తీస్తారా? తప్పెవరిదో తేలాలి. వాళ్లకి రేపట్నుంచి ఇక్కడ పని లేదు."

బాబాయ్ ఒక ట్రాన్సిస్టర్ ఊడదీసి మీటరుకి తగిలించాడు. కొత్త సరుకులో ట్రాన్సిస్టర్ తీగకాళ్లు అటూ ఇటూ తారుమారుగా ఉన్నాయి. అలవాటు పడ్డ చేతులు పాత వరసలోనే అతికించేశాయి.

"నాదే తప్పు సార్," అంది అన్న కూతురు గుమ్మంలోంచి. "కాళ్ల వరస మారిందని చీటీ పెట్టడం మర్చిపోయాను." ఆమె ఎడమ గుప్పిట బిగించి ఉంది.

"అయితే నువ్వే వెళ్లాలి మరి."

ఆ గుప్పిట్లో ఏముందో బాబాయ్‌కి తెలుసు. నిన్న ప్యాకెట్ మీద తెల్లగా ఏదో అంటించి ఉంది. అక్షరాలు అలుక్కుపోతే, ధరేమోలే అనుకున్నాడు. చూపు తగ్గిందని ఏడాదిగా ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ బల్ల పోతుందని భయం. ఇప్పుడు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"చీటీ పెట్టింది సార్. దాని చేతిలోనే ఉంది. నాకే కనపడలేదు. ఏడాదయింది నా కళ్లు ఇలా అయి."

"ఊరుకో బాబాయ్!"

"నువ్వు ఊరుకోవే. అబద్ధమాడ్డం కూడా చేతకాదు నీకు."

యజమాని ఏదో అనబోయి గడియారం చూశాడు. "ముందు పని కానివ్వండి."

ఆమె ఊడదీసి కాళ్లు సరిచేసి పెడితే, ఆయన వేళ్లతో తడిమి చూసుకుంటూ అతికించాడు. టంకం పొగకి ఇద్దరి కళ్లూ మండాయి. కొన్ని కన్నీళ్లు పొగవి కావు. పన్నెండింటికి అయిదు నిమిషాలుందనగా పదో బోర్డు దారికొచ్చింది. బాబాయ్ ఎడమ బొత్తాం నొక్కాడు. కుడి దీపం ఆరిపోయింది.

యజమాని తానన్న మాట వెనక్కి తీసుకోలేదు. బాబాయ్ అడగనూ లేదు. సంచీ భుజానికి తగిలించుకుని, గుమ్మం దగ్గర చెప్పుల కోసం కాలితో తడుముకుని వెళ్లిపోయాడు.

కుడి బొత్తాం నొక్కడానికి అన్న కూతురికి చెయ్యి రాలేదు. బల్ల మీద పదో బోర్డులో ఆయన వెలిగించిన ఎడమ దీపం అలాగే వెలుగుతోంది.