తేలు కాదండి, రొయ్య

నేను ఒక హెల్మెట్‌ని. ఆ మాట వినగానే బండి అద్దానికి వేలాడుతూ, పోలీసు కనిపించినప్పుడు మాత్రం తలకెక్కే ప్లాస్టిక్ గిన్నె మీకు గుర్తొస్తే ఆ తప్పు నాది కాదు. నేను రేసు హెల్మెట్‌ని. పుట్టింది ఇటలీలో. నన్ను బయటికి పంపే ముందు నా తోబుట్టువుల్ని కొందరిని నిప్పుల్లో పెట్టారు, ఎత్తు మీంచి ఇనుప దిమ్మె మీదికి జారవిడిచారు, మేకులతో పొడిచారు. అయినా పగల్లేదని రూఢి చేసుకున్నాకే నా మీద ముద్ర వేశారు. మీ ఇళ్ళలో పిల్లనిచ్చే ముందు అల్లుణ్ణి కూడా ఇంతగా పరీక్షించరని తర్వాత తెలిసింది. నా మెడ లోపల ఒక చిన్న చీటీ కూడా కుట్టారు, ఫలానా ఏడు దాటితే ఇది రేసుకు పనికిరాదని. పుట్టినరోజే రిటైరయ్యే తేదీ చెప్పించుకున్నదాన్ని నేను.

ఇంత గొప్ప పుట్టుక పుట్టి నేను చేరింది భీమవరం.

నన్ను తెప్పించినవాడు పెనుమత్స సూరపరాజు గారు. రొయ్యల మేత తయారుచేసే కంపెనీ యజమాని. ఆయన మేనల్లుడు దాట్ల శశాంక వర్మ రేసు కార్లు నడుపుతాడు. తండ్రి చిన్నప్పుడే పోవడంతో శశాంక్‌ని పెంచింది ఈ మేనమామే. కుర్రాడు ఇంజనీరింగు మానేసి కార్లు తోలతానన్నప్పుడు ఊరంతా సూరపరాజు గారికి బుద్ధి చెప్పడానికి వచ్చింది. ఆయన అందరికీ కాఫీలిచ్చి పంపించి, మర్నాడే మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని చెన్నై రైలెక్కాడు. కారు గురించి ఆయనకు తెలిసింది సున్నా. మేనల్లుడి గురించి మాత్రం పూర్తిగా తెలుసు. నేను ఆయన్ని ఎంత ఎగతాళి చేసినా ఈ ఒక్క సంగతి మీరు మరిచిపోకండి.

డబ్బు పెట్టేవాడి బొమ్మ తల మీద ఉండాలి కాబట్టి నా నెత్తిన రొయ్యను వేయించమన్నాడాయన. కోయంబత్తూరులో ఒక పెయింటరు ఎంతో శ్రద్ధగా వేశాడు. మీసాలు, కాళ్ళు, వంకర తోక, అన్నీ కుదిరాయి. పాపం అతను పక్కా శాకాహారి, జన్మలో రొయ్యను చూసినవాడు కాదు. వేసింది తేలైంది. తోటి డ్రైవర్లు నన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేశారు. పత్రికలవాళ్ళు శశాంక్‌కి ‘గోదావరి తేలు’ అని పేరు పెట్టారు. మలుపుల్లో పక్కనుంచి వచ్చి కుడతాడని ఒకాయన వ్యాసమే రాశాడు. సూరపరాజు గారు మాత్రం విలేకరి కనిపించినప్పుడల్లా దగ్గరికెళ్ళి “తేలు కాదండి, రొయ్యండి అది, మా బ్రాండు” అని చెప్పుకునేవాడు. ఆ ముక్క ఎవరూ అచ్చువెయ్యలేదు.

రేసు డ్రైవరు జీవితమంటే వేగమని మీరనుకుంటారు. నా లెక్కలో అందులో అధిక భాగం శాలువాలు. గెలిస్తే శాలువా, మూడో స్థానంలో వస్తే శాలువా, కారు చెడిపోయి మధ్యలో ఆగిపోయినా ధైర్యంగా దిగి నడిచొచ్చినందుకు శాలువా. సభలో శశాంక్ పక్కన నన్నూ టేబుల్ మీద పెట్టేవారు. ఓసారి అధ్యక్షులవారు పూలకుండీ అనుకుని నాలో గులాబీలు సర్దబోయారు. సన్మానం అయ్యాక ఎవరో ఒక పెద్దమనిషి తప్పకుండా దగ్గరికొచ్చి, ఆ కారు మైలేజి ఎంతిస్తుంది బాబూ అని అడిగేవాడు. లీటరుకు మూడు కిలోమీటర్లండి అంటే ఆ పెద్దమనిషి మొహం చూడాలి, కప్పిన శాలువా వెనక్కి తీసుకుంటాడేమో అనిపించేది.

పెళ్ళి సంబంధాలు కూడా వచ్చాయి. అబ్బాయి ఏం చేస్తాడని అడిగితే సూరపరాజు గారు గర్వంగా డ్రైవరండి అనేవాడు. అవతలివాళ్ళు కాసేపాగి, ఏ రూటండి అనేవారు. ఏ రూటూ కాదు, గుండ్రంగా తిరిగి బయల్దేరిన చోటికే వస్తాడని తెలిశాక లేచి వెళ్ళిపోయేవారు.

ఇవన్నీ బయటి సంగతులు. లోపలి సంగతి నాకొక్కదానికే తెలుసు. తలకు పెట్టుకుని అద్దం దించాక మనిషి అబద్ధమాడడు. స్టేజీ మీద చిరునవ్వుతో మామూలే, భయమేంటండి అనే శశాంక్ నాలోపల ప్రతి రేసుకీ ముందు “అమ్మా, ఈ ఒక్కసారి” అని గొణిగేవాడు. ఓడినప్పుడు దిగిన వెంటనే నన్ను తీసేవాడు కాదు. ఎండ కొడుతోందనేవాడు. ఎండ కాదు, నా లోపలి గుడ్డకు ఆ తడి తెలుసు.

లోపలికి ఇంకో సంగతి కూడా వచ్చేది. అక్షింతలు. ప్రతి రేసుకూ ముందు సూరపరాజు గారు గుళ్ళో ఇచ్చిన నాలుగు పసుపు బియ్యపు గింజల్ని నా నుదుటి మెత్త మడతలో దోపేవాడు. గంటకు రెండొందల కిలోమీటర్ల వేగంలో ఆ గింజలు శశాంక్ నుదుట్లో గుచ్చుకునేవి. ఒక్కసారీ తీసి పారెయ్యలేదు.

ఇలా ఏళ్ళు గడిచి శశాంక్ ముప్పయ్యికి దగ్గరయ్యాడు. మీ దగ్గర ముప్పయ్యేళ్ళవాణ్ణి కుర్రాడనే అంటారు. రేసుల్లో ముసలివాడంటారు. ఆ ఏడు జాతీయ ఛాంపియన్ అయినవాడికి జపాన్‌లో ఒక టీము సీటు ఇస్తానంది. ఇరవయ్యేళ్ళ పిల్లలు వెనక వరసకట్టి ఉన్నారు, ఇప్పుడు తప్పితే మళ్ళీ ఎవరూ పిలవరు. ఆ సంగతి శశాంక్‌కీ తెలుసు, నాకూ తెలుసు. ఆఖరి రేసు చెన్నై దగ్గర. పాయింట్లలో ఇతనే ముందున్నాడు, బయల్దేరే వరసలోనూ ఇతనే ముందు. ఎక్కడా గుద్దుకోకుండా మూడో స్థానంలో వచ్చినా చాలు.

రేసుకు ముందు కాసేపు కార్లు గీతల మీద నిలబెట్టి, పాసులున్న అతిథుల్ని దగ్గరికి రానిస్తారు. సూరపరాజు గారు వచ్చాడు. చంకలో బూడిద గుమ్మడికాయ.

మేనల్లుడికి దేశం దిష్టంతా తగిలిందని ఆయన నమ్మకం. పేపర్లో బొమ్మ పడ్డ ప్రతివాడికీ తగులుతుందట. కాయకు పసుపూ కుంకుమా పూసి, పైన కర్పూరం వెలిగించి, పెట్రోలుతో నిండిన కారు చుట్టూ తిప్పడం మొదలెట్టాడు. నిర్వాహకుల్లో ఒకాయన ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. కర్పూరం ఆర్పేశాడు. గుమ్మడికాయ కూడా కుదరదన్నాడు గాని, సూరపరాజు గారి మెడలో వీఐపీ పాసు చూసి గొంతు తగ్గించి, త్వరగా కానివ్వండి సార్ అన్నాడు. నిబంధన చెప్పిన నోటితోనే మినహాయింపు కూడా ఇచ్చెయ్యడం మీవాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య.

ఆయన కాయను మూడుసార్లు తిప్పి, వెనక చక్రం పక్కన నేల మీద ఫెడీమని కొట్టాడు. ముక్కలు తీసేశారు. చీపురుతో ఊడ్చినట్టే చేశారు. గుజ్జు మాత్రం ఆ గీత మీదే పరుచుకుని ఉండిపోయింది. మావయ్య వంగి నా అద్దం మీద వేలితో తట్టి, పద నాన్నా అన్నాడు. ఆ మొహంలో వెలుగు చూసి శశాంక్ నవ్వాడు. కింద ఏముందో అతను చూళ్ళేదు.

కార్లన్నీ టైర్లు వేడెక్కడానికి ఒక చుట్టు తిరిగొచ్చి, మళ్ళీ తమ తమ గీతల మీద నిలబడ్డాయి. శశాంక్ “అమ్మా, ఈ ఒక్కసారి” అన్నాడు. ఇక బయల్దేరమన్నట్టు ఎర్ర దీపాలు ఆరాయి. కుడి వెనక చక్రం గుమ్మడి గుజ్జులో గిర్రున తిరిగింది. కారు అడ్డం తిరిగి నేరుగా గోడకు కొట్టుకుంది. జపాన్ అక్కడే, బయల్దేరిన చోటే అయిపోయింది.

శశాంక్‌కి దెబ్బ తగల్లేదు. దిగి వెనక చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. టైరుకు ఒక గింజ అతుక్కుని ఉంది. గుమ్మడి గింజ. దాన్ని గిల్లి తీసి, పసుపంటిన ఆ గింజ వైపు చాలాసేపు చూశాడు. నా లోపల అతని ఊపిరి ఆగి ఆగి వచ్చింది. గోడ అవతలినుంచి మావయ్య, దెబ్బ తగిలిందా నాన్నా అని ఏడుస్తూ పరుగెత్తుకొస్తున్నాడు. శశాంక్ నన్ను తీశాడు. ఆ గింజను అక్షింతలుండే మడతలో లోపలికంటా దోపేసి, నిలబడ్డాడు.

మైకులు వచ్చాయి. ఏం జరిగిందని అడిగారు. పక్కనే మావయ్య నిలబడి ఉన్నాడు.

“నాదే తప్పండి. క్లచ్ తొందరపడి వదిలాను.”

ఇంజనీర్ల కంప్యూటరులో చక్రం జారినట్టు గీతలు కనిపించాయి గాని, దేని మీద జారిందో గీతలకేం తెలుస్తుంది. పత్రికలు తేలు తన్ను తానే కుట్టుకుందని రాశాయి. భీమవరంలో మాత్రం వేరే తీర్మానం చేశారు. గుమ్మడికాయ చిన్నదైందట. అంత దిష్టికి రెండు కొట్టాల్సిందట.

కోపం రాలేదా అంటే నాకు వచ్చింది. ఇటలీలో నిప్పుకు కాలని జాతిలో పుట్టిన నేను ఆ రోజు ఒళ్ళంతా మండిపోయాను. ఒక్క మాట చెబితే పరువు దక్కేది కదా. అతను చెప్పలేదు. తర్వాత రెండేళ్ళు చిన్నాచితకా రేసులు నడిపాడు. మావయ్య అక్షింతలు తెస్తే, ఇలా ఇవ్వండి నేను పెట్టుకుంటాను అని తీసుకునేవాడు, ఆ మడత జోలికి ఆయన చెయ్యి పోనిచ్చేవాడు కాదు. గుమ్మడికాయ తెస్తే, ఇక్కడ నిషేధించారండి అనేవాడు. అది అబద్ధమేం కాదు, మొదటినుంచీ నిషేధమే.

నా చీటీ మీది గడువూ అతని ఆటా ఒకే ఏడు ముగిశాయి. అతను కొత్త డ్రైవర్లకు నేర్పే పనిలో చేరాడు. నన్ను మేత కంపెనీ ఆఫీసులో గాజు పెట్టెలో కూర్చోబెట్టారు. దసరాకు కాటాకీ, మోటారుకీ, నాకూ కలిపి ఒకే బొట్టు, ఒకే దండ. మేత కొనడానికొచ్చిన చెరువుల రైతులకు సూరపరాజు గారు నన్ను చూపించి, తేలు కాదండి రొయ్య అని మొదలెట్టి, చివర్న నిట్టూర్చేవాడు.

“మావోడు ఆ ఒక్క పొరపాటు చెయ్యకపోతే, ఈపాటికి జపాన్‌లో ఉండేవోడండి.”

అప్పుడప్పుడు శశాంక్ అక్కడే ఉండేవాడు. అవునండి అని తలూపి, రైతులకు టీ చెప్పేవాడు.

మొన్న సూరపరాజు గారు నన్ను పెట్టెలోంచి తీశాడు. శశాంక్ తర్ఫీదిచ్చిన అమ్మాయి, భీమవరం పక్క ఉండి అనే ఊరి పిల్ల వేగేశ్న మృణాళినికి కోయంబత్తూరులో మొదటి పెద్ద రేసు. నేను పక్కనుంటే కలిసొస్తుందట. నేను కలిసొచ్చేదాన్నైతే మొదటివాడికే కలిసొచ్చేదాన్నని ఎవరూ ఆలోచించలేదు. ఒక చంకలో నేను, ఇంకో చంకలో గుమ్మడికాయ. అక్కడ కార్ల షెడ్డు దగ్గర శశాంక్ చూసి ఆగిపోయాడు. వద్దన్నది చెన్నైలో కదరా, ఇది కోయంబత్తూరు అన్నాడు మావయ్య. అదీ న్యాయమే.

“ఇలా ఇవ్వండి మావయ్యా. నేను కొడతాను.”

కాయను తీసుకుని శశాంక్ నడిచాడు. కార్లు దాటాడు, షెడ్లు దాటాడు, గేటు దాటాడు, బయట పార్కింగు చివర తుప్పల దాకా పోయాడు. అంత దూరం ఎందుకెళ్తున్నాడో అర్థంకాక మావయ్య కుర్చీలో కూర్చుని అటే చూస్తున్నాడు. ఒళ్ళో నేనున్నాను. ఆయన జేబులోంచి అక్షింతలు తీసి, అలవాటు కొద్దీ వేలు నా మడతలోకి పోనిచ్చాడు. వేలికి ఏదో తగిలింది. లాగాడు.

ఎండి తెల్లబడిన గుమ్మడి గింజ. అంచున పసుపు ఇంకా ఉంది.

వయసు మీద పడ్డా రైతు ఇంట పుట్టిన మనిషి, గింజను చూస్తే పోల్చుకుంటాడు. దాన్ని చూశాడు. దూరంగా తుప్పల దగ్గర, చక్రాలకు అందనంత దూరాన కాయను కొడుతున్న మేనల్లుణ్ణి చూశాడు. మృణాళిని కారు నిలబడ్డ గీతను చూశాడు.

శశాంక్ చేతులు కడుక్కుని వచ్చాడు. మావయ్య అరచెయ్యి తెరిచి పట్టుకుని ఉన్నాడు.

“ఆ రోజు నేను ఎక్కడ కొట్టేనురా?”

శశాంక్ ఆ గింజ వైపు చూశాడు. తర్వాత మావయ్య పక్కన నేల మీద కూర్చున్నాడు.

“మంచి చోటే కొట్టేరు మావయ్యా.”

ఆయన రేసు జరుగుతున్నంతసేపూ నన్ను పొట్టకు అదుముకుని కూర్చున్నాడు. మృణాళిని నాలుగో స్థానంలో వచ్చింది, ఆ అమ్మాయికీ శాలువా కప్పారు.

ఇప్పుడు మళ్ళీ గాజు పెట్టెలో ఉన్నాను. గింజ నాలోనే ఉంది, ఆయనే తిరిగి పెట్టాడు. నిన్న ఎవరో చెరువుల వాళ్ళొచ్చారు. సూరపరాజు గారు ఎప్పట్లాగే, తేలు కాదండి రొయ్య అని మొదలెట్టాడు. ఆఖరి రేసు దాకా వచ్చి ఆగిపోయాడు. వాళ్ళలో ఒకాయన కథ తెలిసినవాడే, ఆయనే అందుకున్నాడు. అంత మంచి కుర్రాడు పొరపాటు ఎందుకు చేస్తాడండీ, దిష్టండీ అది అన్నాడు.

సూరపరాజు గారు తువ్వాలు తీసి నా అద్దం మీద లేని దుమ్ము తుడిచాడు.

“అవునండి, దిష్టే. నాదే తగిలింది.”