నేలచూపుల పాషా

సమ్మమ్మ కళ్లు కప్పి కాశిబుగ్గలో ఎవరూ అబద్ధం ఆడలేరని ఒక నమ్మకం ఉండేది. ఆ నమ్మకం ముఖ్యంగా సమ్మమ్మదే.

బి.ఏ.లో ఆమె మనస్తత్వ శాస్త్రం చదివింది. ఆ పేపరు అత్తెసరు మార్కులతో గట్టెక్కిన సంగతి అత్తగారింట్లో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. చదివినదాన్ని మాత్రం వృథా పోనివ్వలేదు. ధర చెబుతూ చెవి గోక్కునే కూరగాయలామె దగ్గర ఇంకొంచెం బేరమాడవచ్చు. ‘చాయ్ వద్దు’ అంటూనే కుర్చీలో వెనక్కి జారగిలబడే చుట్టానికి చాయ్ పెట్టక తప్పదు. భర్త వెంకట్రాజం కేసముద్రం మార్కెట్ యార్డులో గుమాస్తా, పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు వస్తాడు. ‘రైలు లేటయింది’ అంటూ అతను కళ్లద్దాలు తుడుచుకున్నాడంటే రైలు వేళకే వచ్చిందని, స్టేషన్ బయట దోస్తులు దొరికారని అర్థం. ఇవేవీ సమ్మమ్మ పైకి అనేది కాదు. తెలిసీ ఊరుకుంటే వచ్చే సుఖాన్ని అడిగి పోగొట్టుకోవడం దేనికి?

డెబ్భై తొమ్మిదిలో, ఎండాకాలం సెలవులైపోయి బళ్లు తెరిచిన రోజుల్లో ఆమె చూపుకు అసలైన పని పడింది.

కూతురు పద్మాక్షి అప్పుడే ఒకటో తరగతిలో చేరింది. బడి పోచమ్మ మైదాన్ దాటి అవతల. వీధి పిల్లలందరినీ రిక్షాలో ఎక్కించుకుపోయే కట్టయ్యకు మిల్లులో పని దొరికింది. తన బదులు ఖాజా పాషా అనే అతన్ని కుదిర్చి వెళ్లిపోయాడు. సరిగ్గా అప్పుడే ఊళ్లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని పుకారు లేచింది. ఒకరు గోనెసంచి అన్నారు, ఇంకొకరు మత్తు బిస్కెట్టు అన్నారు. ఏళ్ల తరబడి ఎదురు చూశాక పుట్టిన ఒక్కగానొక్క పిల్ల పద్మాక్షి. సమ్మమ్మకు అన్నం సహించడం మానేసింది.

మొదటిరోజే పాషాను గేటు దగ్గర నిలబెట్టి పరీక్ష పెట్టింది.

“ఏ ఊరు పాషా మీది?”

“రఘునాథపల్లి అమ్మా,” అని పాషా నేలకు చెప్పాడు.

“ఇక్కడ ఎక్కడుంటవు?”

“పోచమ్మ మైదాన్ ఎన్క సందుల.” మళ్లీ నేలకే.

“తాగుడు గీగుడు ఉన్నదా?”

“తోబ తోబ! లేదమ్మా.” ఈ సంగతీ నేలే విన్నది.

సమ్మమ్మ కొంచెం పక్కకు జరిగి చూసింది. పాషా చూపు జరగలేదు. తల వంచి అతని ముఖంలోకి చూడబోయింది. అతను ఇంకాస్త వంచాడు. ఇట్లా ఇద్దరూ ఒకరిని మించి ఒకరు వంగుతుంటే అరుగు మీద బియ్యం ఏరుతున్న అత్త మొగిలమ్మ చేట పక్కన పెట్టింది.

“ఏం జూస్తానవే పిల్లా? ఆయన మెడ వట్టుకపోదా?”

రిక్షా కదిలాక సమ్మమ్మ లోపలికి వచ్చి, “అత్తమ్మా, కండ్లల్ల కండ్లు పెట్టి మాట్లాడనోడు ఏదో దాస్తడు. పుస్తకాలల్ల ఉన్నది,” అన్నది.

“మీ మామ బతికినన్ని రోజులు నా కండ్లల్లకు సూసి మాట్లాడలే. ఏం దాసిండు? దాసెతందుకు ఇంట్ల ఏముండె?”

అత్తగారి కాపురానికి మనస్తత్వ శాస్త్రంలో జవాబు లేదు. ఆ తరువాత సమ్మమ్మ పాషాతో మాట్లాడటం మానేసి చూడటం మొదలుపెట్టింది. పొద్దున గేటు దగ్గర నిలబడి, అతను పిల్లల్ని ఎత్తి కూచోబెట్టడం, బ్యాగులు కొక్కేలకు తగిలించడం, అంచున కూచున్న పిల్లలను కాళ్లు లోపలికి పెట్టుకొమ్మనడం అన్నీ చూసేది. తప్పు పట్టడానికి ఏమీ దొరికేది కాదు. ఏమీ దొరక్కపోవడమే ఆమెకు పెద్ద అనుమానం అయింది.

ఒకనాడు రిక్షా ఆలస్యంగా వచ్చింది. మర్నాడూ అంతే.

“ఇంత సేపెందుకైంది బిడ్డా?”

“పాషా మామ సందుల ఆపుతడు,” అన్నది పద్మాక్షి సాక్సు లాక్కుంటూ.

“సందులనా? ఎందుకు?”

పిల్ల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. “ఇంట్ల చెప్పద్దన్నడు.”

ఆ చేతుల్ని చదవడానికి బి.ఏ. అక్కర్లేదు. ఆ సాయంత్రం సమ్మమ్మ భర్తకు చెబితే అతను, “వాడకట్టు పిల్లలంత పోతాన్లు గద. నీకంత ఫికరైతే బడి మాన్పియ్యి,” అన్నాడు. కళ్లద్దాలు తుడుచుకోలేదు. అంటే నిజంగానే అంటున్నాడు. బడి మాన్పించాలి, లేదంటే పాషాను నమ్మాలి. రెండూ చేతకాని సమ్మమ్మ మూడోది ఎంచుకుంది.

మర్నాడు మధ్యాహ్నం అత్తగారి వెలిసిపోయిన గళ్ల చీర కట్టుకుంది. తన నీలం స్లిప్పర్లను పద్మాక్షి అంత దూరం నుంచే గుర్తుపడుతుందని అత్తగారి తోలు చెప్పులు తొడుక్కుంది. పాదమంతా కప్పేసే పట్టాలతో అవి చెప్పులకన్నా ఎక్కువ, బండి చక్రాలకన్నా తక్కువ.

“ఏడికి?” అన్నది మొగిలమ్మ.

“దర్జీ దగ్గరికి అత్తమ్మా.”

“నా చెప్పులు కుట్టియ్యవోతానవా?”

సమ్మమ్మ వినపడనట్టే వెళ్లిపోయింది. బడి దగ్గర కొంగు ముక్కు దాకా లాక్కుని సోడా బండి చాటున నిలబడింది. గంట కొట్టారు. పాషా పిల్లల్ని ఒక్కొక్కరినే ఎక్కించుకున్నాడు. అంతమందిని మోసే రిక్షా కనుక దాని వెనక నడవడం కష్టం కాలేదు. పెద్దరోడ్డు దగ్గర అతను సీటు దిగి, లారీలన్నీ పోయేదాకా ఆగి, రిక్షాను చేతులతో నెట్టుకుంటూ దాటించాడు. దాటించాక వెనక్కి తిరిగి చూశాడు. ఇంకాస్త పోయి మళ్లీ చూశాడు. ఇప్పుడు దొరికాడు అనుకుంది సమ్మమ్మ. దొంగకు వెనక్కి చూడటం అలవాటు.

రిక్షా సందులోకి తిరిగి ఒక చిన్న ఇంటి ముందు ఆగింది. గుమ్మానికి గోనెపట్టా పరదా. పరదా సందులోంచి గాజుల చెయ్యి ఒకటి బయటికి వచ్చి పిలిచింది. పిల్లలు దిగి వరసగా లోపలికి పోయారు. చివర పద్మాక్షి.

సమ్మమ్మ పరుగెత్తింది. ఆ చెప్పులతో పరుగెత్తడం ఎంత కష్టమో అప్పుడు తెలియలేదు. గుమ్మం ముందుకు వచ్చేసరికి గొంతు తడారిపోయి మాట కీచుగా వచ్చింది.

“పద్మాక్షిని బయటికి పంపు! నేను వాళ్లమ్మను.”

పాషా చేతులు చాపి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. నేల మీదికి చూశాడు.

“కాదు,” అన్నాడు.

“కాదేంది? నా పిల్ల!”

“ఆ అమ్మ కాళ్లు ఇవి గావు.”

చుట్టుపక్కల తలుపులు తెరుచుకున్నాయి. ఎదురింటి ముసలామె జన్నత్ బీ చేతికర్ర పట్టుకుని వచ్చేసింది. “ఏందిర పాషా?”

“బడికాడ్నుంచి రిక్ష ఎన్కనె వస్తాంది చాచీ. సోడా బండి సాటుకు నిలవడ్డది. పిల్లనియ్యమంటాంది.”

“పేరు చెప్తాన గద! పద్మాక్షి!” అన్నది సమ్మమ్మ.

“పేరు ఎవలైన చెప్తరు. పోలీసోళ్లొచ్చినా పిల్లను ఇయ్య.” నేలచూపుల మనిషి గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

జన్నత్ బీ సమ్మమ్మను కింది నుంచి పైదాకా చూసింది. “జర సూడుండ్రి దీన్ని! కండ్లు ఒక్కకాడ నిలుస్తలేవు. చేతులు వణుకుతానయ్. ఎట్ల చెమటలు వడ్తానయో సూడుండ్రి! దొంగది గాకపోతె మొకమెందుకు కప్పుకుంటది?”

ముసలామె చెప్పిన లక్షణాల్లో ఒక్కటీ తప్పు కాదు. నిలవని చూపు, వణికే చేతులు, చెమట, దాచుకున్న ముఖం, పాఠంలో ఉన్న వరుస కూడా ఇంచుమించు ఇదే. పుస్తకం ప్రకారం చూస్తే ఆ సందులో దొంగ ఒక్కతే ఉంది.

ఎవరో కొంగు పట్టి లాగారు. ఎవరో పోలీసులను పిలవమన్నారు. పాషా గుమ్మంలోంచి వేలెడు కదల్లేదు. తన పిల్లను తనకే ఇవ్వనని, తన్నుకోవడానికైనా సిద్ధమై నిలబడిన ఆ మనిషిని చూస్తుంటే, బడి తెరిచిన నాటినుంచి పట్టుకున్న భయమంతా సమ్మమ్మకు ఒక్కసారిగా వదిలిపోయింది. నవ్వు వచ్చింది. నవ్వుతుంటే ఏడుపూ వచ్చింది.

“పిచ్చిది గూడ,” అని తేల్చింది జన్నత్ బీ.

“పాషా,” అన్నది సమ్మమ్మ కళ్లు తుడుచుకుని. “ఆ అమ్మ కాళ్లు ఎట్లుంటయ్?”

“నీలి స్లిప్పర్లేసుకుంటది. ఎడ్మకాలి మీద కాలిన మచ్చుంటది.”

సమ్మమ్మ చెప్పు విడిచింది. నడిసందులో, అంతమంది ముందు, ఎడమకాలు ముందుకు చాపింది. జన్నత్ బీ కూడా వంగి చూసింది.

పాషా చేతులు దించాడు. పక్కకు జరిగి, తల ఇంకా వంచి, “మాఫ్ చెయ్యుండ్రమ్మా. ఎర్కలేక అన్న,” అన్నాడు.

లోపల పిల్లలంతా చాప మీద బాసింపట్లు వేసుకుని, బయటి లొల్లి వినపడనంత గోల చేస్తూ ఉడకబెట్టిన పల్లీలు ఒలుచుకుంటున్నారు. గాజుల చేతులామె, పాషా భార్య హుసేన్‌బీ, కుండలోంచి నీళ్లు ముంచి ఇస్తోంది. పద్మాక్షి నోటినిండా పల్లీలతో తలెత్తింది. “అమ్మా, నాయినమ్మ చెప్పులెందుకేసుకున్నవ్?”

సమ్మమ్మ పిల్లను దగ్గరికి లాక్కుని కూచుండిపోయింది.

“ఉక్కకు పిల్లలు సోలిపోతాన్లని ఇక్కడ జర ఆపుతాన్నమ్మా,” అన్నాడు పాషా గుమ్మం బయటి నుంచే. “మా ఇంట్ల నీళ్లు తాగిన్రంటె ఎవలింట్ల ఏమంటరో, పిల్లలు దెబ్బలు తింటరని చెప్పద్దన్న. తప్పయింది.”

సమ్మమ్మ హుసేన్‌బీ వైపు చెయ్యి చాపింది. “అక్కా, నాకు గూడ జర నీళ్లియ్యి.”

ఒక గ్లాసు తాగింది. ఇంకొకటి అడిగి తాగింది.

“పాషా భాయ్, నా మొకం ఒక్కసారి చూసి గుర్తువెట్టుకోండ్రి. ఎప్పుడన్న చెప్పులు మారితే మల్ల ఇంత లొల్లి గావద్దు.”

“వద్దమ్మా,” అన్నాడు పాషా సిగ్గుపడిపోతూ. “పరాయి ఆడోళ్ల మొకం సూడద్దని మా అమ్మ చిన్నప్పటి సంది చెప్పింది. హుసేన్‌బీ సూస్తది.”

హుసేన్‌బీ చేతులు తుడుచుకుని వచ్చింది. సమ్మమ్మ గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పింది. ఒక చెంప చూసింది, మరో చెంప చూసింది, కళ్లలోకి తీరిగ్గా చూసింది. పెళ్లిచూపుల నాడు కూడా సమ్మమ్మను అంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు. ఆమె బుద్ధిగా కూచుని చూపించుకుంది.

“ముక్కు జర ఎర్రగైంది. ఏడ్సినవ్ గద, తగ్గుతది తియ్యి,” అన్నది హుసేన్‌బీ.

“మరి ఈమెకు పిల్లనియ్యొచ్చా?” అని గుమ్మంలోంచి జన్నత్ బీ.

సమ్మమ్మ మెడ చుట్టూ చేతులు వేసుకుని వేలాడుతున్న పద్మాక్షిని కూడా హుసేన్‌బీ ఒకసారి చూసింది.

“ఇయ్యొచ్చు,” అన్నది.

సందు సందంతా నవ్వింది. అందరికన్నా ఎక్కువ నవ్వింది సమ్మమ్మ.

నడిచిపోతానంటే పాషా ఒప్పుకోలేదు. చిన్న పిల్లలు ఒకరు ఒళ్లో, ఒకరు మోకాలి మీద, ఒకరు ఆమె కొంగు పట్టుకుని, అందరూ ఇరుక్కున్నారు. రిక్షా కాశిబుగ్గ దారి పట్టింది. అక్కడి మగ్గాల చప్పుడు దగ్గరవుతోంది. చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయిన పాషా అంగీని చూస్తూ సమ్మమ్మ ముందుకు వంగింది.

“పాషా భాయ్, ఇందాక మీరు పిల్లను ఇయ్యనన్నరు సూడుండ్రి, దానికి నేను...”

ఎదురుగా లారీ హారన్ కొట్టింది. పాషా బ్రేకు వేసి, కిందికి దిగి, హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, అది దాటిపోయేదాకా ఆగాడు.

“ఏమన్నరమ్మా?”

“ఏం లేదు,” అన్నది సమ్మమ్మ, ఒళ్లోని పిల్ల జుట్టు సవరిస్తూ. “మెల్లగ పోనియ్యుండ్రి.”

“మెల్లగనే పోతానమ్మా,” అన్నాడు పాషా.