ఈదమ్మ ఇష్టపూర్వకంగా వేసిన వేలిముద్ర

నేను ఒక అబద్ధాలు పట్టే యంత్రాన్ని. కొన్నవాళ్లు అలా అంటారు గానీ, నిజానికి నాకు దొరికేవి గుండె దడ, ఊపిరి, వేళ్ల చెమట, అంతే. పరాయి దేశంలో తయారై, చేతులు మారి, చివరికి ఒక ప్రైవేటు సెక్యూరిటీ సంస్థకు చేరాను.

మనిషి ఒప్పుకోకుండా నా ముందు కూర్చోబెట్టకూడదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. మనుషులు తెలివైనవాళ్లు కదా, ఆ ఒప్పుకోలుకు ఒక ఫారం అచ్చు వేయించుకున్నారు.

మేడ్చల్ దగ్గర ఒక విత్తనాల కంపెనీలో కొత్త పంటకు ఆధారమైన, ఖరీదైన మూల విత్తనం సంచి మాయమైంది. నన్ను అద్దెకు తెప్పించి, గోదాములో పదకొండేళ్లుగా విత్తనాలు ఏరే ఈదమ్మను పిలిచారు.

“ఏలిముద్ర ఎయ్యకపోతే ఏమైతది సార్?”

“ఏంగాదు, నీ ఇష్టం,” అన్నాడు మేనేజరు ఫణీందర్. “తియ్యనోళ్లకు భయమెందుకు?”

ఆమె వేసింది. ఛాతీకి పట్టీ, వేళ్లకు తీగలు తగిలించారు.

“సంచి మీరు తీశారా?” అని ఆపరేటరు అడిగాడు.

“లేదు సార్.”

నా గీత నిదానంగా సాగింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో! అక్కడితో ఆపాల్సింది. కానీ ఫణీందర్‌కు నాకన్నా ఒట్టు మీదే గురి.

“గట్ల కాదు. నీ బిడ్డ మీద ఒట్టేసి చెప్పు.”

ఆ బిడ్డ జ్వరంతో ఇంట్లో పడి ఉంది. ఈదమ్మ గుండె గుభేలుమంది. నిజం చెప్పే తల్లికైనా ఆ ఒట్టు నోట రావడం కష్టమే.

“నా బిడ్డ మీద ఒట్టు సార్, నేను తియ్యలే.”

నా గీత కాగితం అంచుదాకా ఎగిరింది. అది భయమని నాకు తెలుసు. అరిచి చెప్పాలనిపించింది, యంత్రానికి నోరెక్కడిది? డబ్బిచ్చేవాడి ముఖం చూసి ఆపరేటరు ‘అబద్ధం’ అని రాశాడు.

ఆమెను ఆ పూటే పనిలోంచి తీసేశారు. “దొంగ అని పేరు వెట్టి పంపుతుండ్రు, ఇగ నాకెవరు పనిస్తరు సార్?” అని గేటు దగ్గర ఏడ్చిందట.

అందరికీ ఒకే న్యాయమంటూ చివరికి ఫణీందర్ కూడా కూర్చున్నాడు. ఎవరూ అడగకుండానే, నవ్వుతూ, “నా బిడ్డ మీద ఒట్టు, నాకేం తెల్వదు,” అన్నాడు. నా గీత కొంచెమైనా కదల్లేదు. నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

అంతా చప్పట్లు కొట్టారు. యజమాని మెచ్చుకుని నన్ను కంపెనీకే కొనేశాడు. సంచి ఇప్పటికీ దొరకలేదు. గోదాము తాళాలు ఫణీందర్ దగ్గరే ఉంటాయి. నా పెట్టె తాళం కూడా.